చలికాలంలో గేదెల పని తేలికే అంటారు, నిజమేనా?

మీరు అడిగింది ఏంటంటే ఉద్యోగం మానేసి ఊళ్ళో నాలుగు గేదెలు పెట్టుకుందాం అనుకుంటున్నా, ఎండాకాలం కష్టమని అందరూ చెప్తున్నారు, మరి చలికాలం కాస్త తేలిగ్గా ఉంటుందా అని. మాది తెనాలి దగ్గర పల్లె, ఐదు గేదెలున్నాయి, నాన్న, నేను, మా ఆవిడ ముగ్గురమే చూసుకుంటాం. పగలు చూస్తే తేలికే బ్రదర్. రోజుకి రెండు సార్లు నీళ్ళు కొట్టక్కర్లేదు, గేదె నీడ కోసం రొప్పదు, పాలు బాగుంటాయి, వెన్న కూడా బాగా పడుతుంది కాబట్టి పాలకేంద్రంలో బిల్లు చూసుకుంటే హాయిగానే ఉంటుంది. పనంతా రాత్రిపూటే ఉంటుంది, అదెవరూ చెప్పరు.

ఎందుకంటే గేదెలు ఎక్కువగా ఈనేదీ, మళ్ళీ ఎదకొచ్చేదీ ఈ నెలల్లోనే. ఆవుకి ఎదొస్తే ఊరంతా వినపడేలా అరుస్తుంది, గేదెకి చాలాసార్లు మూగ ఎద, అంటే అరవదు, పైకి పెద్దగా తెలీదు, అదీ రాత్రి పొద్దుపోయాకో తెల్లవారుజామునో. మనం దుప్పటి కప్పుకుని పడుకుంటే అయిపోయినట్టే, మళ్ళీ 21 రోజులు ఆగాలి. అలా రెండు సార్లు పోగొట్టుకున్నామంటే ఎండలొచ్చేస్తాయి, ఇక అది చూడి కట్టడం కష్టం, మళ్ళీ చలి వచ్చేదాకా ఊరికే మేపుతూ కూర్చోవాల్సి రావచ్చు. మా నాన్న రాత్రి పదింటికోసారి, నాలుగింటికోసారి టార్చ్ వేసుకుని వెనక నుంచి చూస్తాడు, వెనక జిగురు తీగలా కారుతోందా, తోక ఎత్తి మాటిమాటికీ మూత్రం పోస్తోందా, పాలు సరిగా చేపిందా (పొదుగులోకి దించిందా) లేదా అని. సాయంత్రం కనపడితే పొద్దున సూది (చూడి కట్టించే కృత్రిమ గర్భధారణ), పొద్దున కనపడితే సాయంత్రం సూది. కట్టిందంటే 10 నెలల 10 రోజులకి ఈనుతుంది, అంటే మళ్ళీ చలి మొదలయ్యే వేళకి.

ఈనడం సంగతి నా తప్పుతో నేర్చుకున్నా. ఊరికొచ్చిన మొదటి ఏడాది డిసెంబర్‌లో ఒక గేదెకి తోక పక్కన రెండు వైపులా గుంటలు పడ్డాయి, పొదుగు బిగిసింది, నాన్న ఊళ్ళో లేడు, నేనేమో ఇంకా రెండ్రోజులు పడుతుందిలే అని పడుకున్నా. తెల్లారి వెళ్ళేసరికి పేయదూడ తడి నేల మీద పడుంది, ఒంటి మీద మాయ జిగురు అలాగే ఉంది, చెవులు పట్టుకుంటే మంచు ముక్కలు. తల్లి పలుపుకి కట్టేసి ఉంది కదా, నాకడానికి అందలేదు. పొయ్యి దగ్గరికి తెచ్చి గోనెసంచితో రుద్దాం, జున్నుపాలు వేలితో నోట్లో పెట్టాం, సాయంత్రానికి పోయింది. దూడ లేక ఆ గేదె వారం పాటు చేపలేదు, దాణా ముందు పెడితేనే నాలుగు చుక్కలు దించేది.

అప్పట్నుంచి ఈనే గేదెని పలుపు విప్పి విడిగా ఉంచుతాం, కింద ఎండుగడ్డి మందంగా వేస్తాం, నేను పక్కన మంచం వేసుకుంటా. పుట్టగానే ముక్కు తుడిచి, గడ్డితో ఒళ్ళంతా రుద్ది, బొడ్డుకి టించర్ అయోడిన్ రాసి, గంటలోపే జున్నుపాలు పట్టించేస్తాం. మాయ పడాలి అని ఆగేవాళ్ళున్నారు, ఆగొద్దు. తర్వాత నెలరోజులు దూడకి రాత్రి గోనెసంచి చొక్కా, పగలు ఎండ.

పాకకి చుట్టూ టార్పాలిన్ పట్టాలు కడతారు చాలామంది, కట్టండి కానీ పైన జానెడు వదలండి, లేకపోతే మూత్రం వాసనకి లోపల కళ్ళు మండుతాయి, దూడలకి దగ్గు పట్టుకుంటుంది. దోమలకి వేపాకు పొగ వేసి తలుపు బిగించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మేత సంగతికొస్తే మా వైపు వరి కోతకి ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లేస్తారు, జనవరికి పచ్చిమేత మోకాళ్ళ దాకా ఉంటుంది. చూడగానే నోరూరుతుంది గానీ మంచుతో తడిసిన లేత పిల్లిపెసర ఖాళీ కడుపున మేస్తే కడుపుబ్బరం వస్తుంది, ఎడం డొక్క డోలులా లేస్తుంది. అందుకే పొద్దున ముందు ఎండుగడ్డి, మంచు దిగాక పదింటికి కోసిన పచ్చిది. రాత్రి కూడా ఎండుగడ్డి గాటి నిండా వేస్తాం, అది అరుగుతుంటే ఒంట్లో వేడి పుడుతుంది. తాగడానికి పొద్దున్నే తొట్టిలో నిలవున్న నీళ్ళు పెడితే గేదె మూతి పెట్టి తీసేస్తుంది, బోరు ఆన్ చేసి అప్పటికప్పుడు వచ్చే గోరువెచ్చటివి పెట్టండి, నీళ్ళు తగ్గితే పాలు తగ్గుతాయి. కడగడం పదకొండు తర్వాతే. కనుమ రోజు మాత్రం మా ఆవిడ వినదు, తెల్లారకముందే పసుపు కుంకుమతో రెడీ.

మొత్తం నాలుగూ ఒకేసారి కొనకండి. ఈ చలికి రెండు కొనండి, దూడ పక్కనున్నవి, రెండు పూటలు దగ్గర కూర్చుని పిండి చూసుకుని. అలారం లేకుండా నాలుగింటికి లేవగలిగే మనిషి మీ ఇంట్లో ఎవరో ముందు తేల్చుకోండి, మా ఇంట్లో అయితే నాన్నే, నేను ఇప్పటికీ ఫోన్ మోగితే గానీ లేవను.