నల్ల నోటీసు మీద ఎనిమిది

బుజ్జీ,

ఉద్యోగం మానేసి మన పర్లాకిమిడిలోనే డిజైన్ షాపు పెడతావట, అదీ అంతా నలుపు తెలుపులోనే చేస్తావట. మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే ఏడుస్తోందో మురిసిపోతోందో తెలియలేదు. నాకైతే రాత్రంతా నిద్ర లేదు. సగం టెన్షన్, సగం గర్వం.

అడ్వాన్స్ పుచ్చుకోకుండా పని మొదలెట్టకు. పెళ్లికార్డులకి నలుపంటే గుమ్మంలోంచే తిరిగిపోతారు, వాళ్లతో పంతానికి పోకు.

ఆ మోజు నాకు తెలియనిది కాదే. తడి వాకిట్లో మీ అమ్మమ్మ ముగ్గేస్తే గీత కన్నా గీతల మధ్య వదిలిన నేలే ముందు కంటికి ఆనేది. తాటాకు మీద గంటంతో గీసి మసి రుద్దే ఒడియా పటాలు చూడు, అక్కడా అంతే. రంగు లేకపోతే తప్పు దాచుకోడానికి చోటుండదు.

నా తప్పూ అలాగే బయటపడింది. 1992లో గంజాం నుంచి గజపతి జిల్లా విడిపోయింది కదా, ఆ మరుసటి ఏడు కంటి శిబిరం నోటీసు నా ప్రెస్సుకొచ్చింది. కుర్రతనం, కొత్తగా చేద్దామని నల్లటి నేల మీద తెల్లక్షరాలు పెట్టి బ్లాకు చేయించాను. నలుపు చిక్కగా రావాలని ట్రెడిల్ మీద, అదే కాలితో తొక్కే అచ్చుమిషను మీద, ఇంకు దట్టించాను, కాగితమేమో చవకరకం, పీల్చేసుకుంది. ఒత్తులు పూడుకుపోయాయి, అది సరే, 8వ తేదీలో ఎనిమిది పైసున్నాకి కుడిపక్క గీతని ఇంకు మింగేసి ఆరు చేసి కూర్చోబెట్టింది. ప్రూఫు చూశాను, కానీ తేదీ ముందే తెలిసినవాడికి ఎనిమిదే కనిపిస్తుంది కదా! ఆరో తేదీ పొద్దున్నే కొండమీంచి ఒక సవర ముసలాయన మనవడి భుజం పట్టుకుని దిగొచ్చాడు. నోటీసు అడుగున ప్రెస్సు పేరుంటే వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చారు. పిల్లాడు అంకె మీద వేలుపెట్టి "ఆరే కదా" అన్నాడు. ఏం చెప్పను? రెండు రాత్రులు మనింట్లోనే ఉన్నారు. మీ అత్త వాళ్లకి వడ్డిస్తూ నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

అందుకే చెబుతున్నా, విసుక్కోకు. నల్లనేల మీద తెల్లక్షరమైతే ఒక సైజు పెంచు, లావుపాటి ఫాంటు వాడు. తెల్లకాగితం మీద చిన్న అక్షరాలకి నల్ల ఇంకు ఒక్కటే, కె వంద, అంటే నలుపు నూటికి నూరు. నాలుగు రంగులు కలిపి నలుపు చేశావంటే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన నీడ లేస్తుంది. పెద్ద నల్లపట్టీకి మాత్రం నలభై శాతం సయాన్, అదే నీలం ఇంకు, కలుపు, లేకపోతే బూడిదలా ఉంటుంది. తేదీ మాత్రం దాని సంగతి తెలియనివాళ్ల చేత చదివించు.

నా కుడికంట్లో శుక్లం ముదిరిందట, డాక్టరు ఆపరేషన్ అంటున్నాడు. కాస్త ఆగమన్నాను. నీ మొదటి ప్రూఫు పంపు, ఈ కంటితోనే చదివి చెబుతా.

మీ మావయ్య