మాల్‌లో కాదురా, ఎండలో వాసన చూడు

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చూశా. మాల్‌లో ఏదో నిమ్మవాసన సెంటు కొట్టి చూశావంట, అదిరిపోయిందంట, ఆరువేలంట, కొనేయనా మావయ్యా అంటున్నావు. ఇప్పుడే కొనకు. అది బాలేదని కాదు, నువ్వు చూసింది మొదటి పది నిమిషాలే, అదీ ఏసీలో నిలబడి.

నిమ్మ, నారింజ తొక్కల నుంచి తీసే నూనెల్లో ఎక్కువగా ఉండేది లిమొనీన్, అది ఊరికే ఆవిరైపోయే రకం. అందుకే కొట్టగానే ముక్కుకి ఝామ్మని తగులుద్ది, అంతే స్పీడుగా పోద్ది కూడా. చల్లటి షాపులో అరగంట ఆగింది విజయవాడ మే నెల ఎండలో నువ్వు బెంజ్ సర్కిల్ దాటేలోపే అయిపోవచ్చు. ఆ తర్వాత చొక్కా మీద, ఒంటి మీద ఏం మిగిలిందో దానికిరా నువ్వు ఆరువేలు ఇచ్చేది.

ముందు సీసా మీద ఏం రాసుందో చూడు. ఓ డి కొలోన్ అని ఉంటే అందులో సెంటు నూనె మామూలుగా 2 నుంచి 5 శాతం, మిగతాదంతా ఆల్కహాలు, నీళ్ళే. జర్మనీలో కొలోన్ ఊళ్ళో ఫరీనా వాళ్ళ కంపెనీ 1709 నుంచీ నడుస్తోంది, వాళ్ళ కాలం నుంచీ దాని పద్ధతే అది, కొట్టుకుంటారు, పోద్ది, మళ్ళీ కొట్టుకుంటారు. దాన్ని పట్టుకుని సాయంత్రం దాకా నిలవలేదని తిడితే ఎట్లా. రోజంతా బైక్ మీద తిరిగే నీకు కాస్త చిక్కనిది, ఓ డి టాయిలెట్ రకం, పనికొస్తుందేమో.

సరే, టెస్ట్ ఎట్లా చెయ్యాలంటే, స్నానం చేసి ఇంకే సెంటూ కొట్టుకోకుండా షాపుకి పో. పాత చెమట మీద ఎంత ఖరీదైంది కొట్టినా కంపు రెట్టింపవుద్ది తప్ప తగ్గదు. రెండు రకాలకి మించి చూడకు, చెరో మణికట్టు మీద ఒక్కో స్ప్రే, అంతే. మూడోది కొట్టేసరికి ముక్కు మొద్దుబారిపోద్ది. వాళ్ళు కాఫీ గింజల డబ్బా ముందు పెడతారు, దాన్ని పక్కనపెట్టి నీ చొక్కా చేతిని వాసన చూసుకో చాలు. తర్వాత వెంటనే బయటికొచ్చెయ్, సేల్స్ అబ్బాయి ఆఫర్ ఇవాళే లాస్ట్ అన్నా సరే. ఎండలో తిరుగు, చెమట పట్టనీ, పావుగంటకోసారి, గంటకోసారి, మూడు గంటలకోసారి చూడు.

గంట తర్వాత గిన్నెలు తోమే సబ్బులా అనిపించిందా, వదిలెయ్. మన దగ్గర నిమ్మవాసనకి ఇదే పెద్ద గండం, కింద ఆధారం లేని నిమ్మంతా చివరికి వంటింటి సింకు దగ్గరికే చేరుద్ది. వనిల్లా తీపి మిగిలితే ఉక్కపోతలో తల తిరుగుద్ది. నాకు నచ్చేది వట్టివేరు మిగిలే రకం. తడికెలకి కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు చూడు, అదే వేరు, దాని నూనె నిదానంగా ఎగిరే రకం కాబట్టి పైన నిమ్మ పోయినా కింద ఇది ఉంటది. ఎర్మెస్ అనే ఫ్రెంచ్ కంపెనీ వాళ్ళ టెర్ డెర్మెస్ అనే సెంటు (2006) నారింజనీ వట్టివేరునీ కలిపిందే, కొనక్కర్లేదు గానీ షాపులో ఒకసారి చూడు, నిమ్మజాతి వాసన దేనిమీద నిలబడుద్దో తెలుస్తది.

ఇంకోటి, నీ ముక్కుని పూర్తిగా నమ్మకు. నువ్వు కొట్టుకున్నది కాసేపటికి నీకే తెలియదు, పైగా కొన్ని రకాల మస్క్ (కస్తూరి లాంటి) వాసనలు కొంతమందికి అసలే అందవు. పోయింది పోయింది అని నువ్వు మళ్ళీ మళ్ళీ కొడుతుంటావు, లిఫ్ట్‌లో పక్కనోడు ఊపిరి బిగబట్టుకుంటాడు. సాయంత్రం ఇంటికెళ్ళి మీ అమ్మని చూడమను, మా అక్క మొహమాటపడే రకం కాదు, ఉన్నదున్నట్టు చెప్పుద్ది.

మెడ మీద కొట్టుకుని ఎండలోకి పోకు. బెర్గమాట్ అని ఇటలీలో కలాబ్రియా వైపు పండే కాయ ఉంది, ఎర్ల్ గ్రే టీకి ఆ వాసన దాన్నుంచే, ఆ నూనెలో ఒక పదార్థం ఎండ తగిలితే చర్మం మీద మచ్చలు తెప్పిస్తది. పెద్ద కంపెనీలు దాన్ని తీసేసో తగ్గించో వాడతాయి, ఊరూపేరూ లేని లూజు సెంట్లలో ఏముంటదో ఎవడికి తెలుసు. చొక్కా లోపల ఛాతీ మీద కొట్టుకో.

షాపులో టెస్టర్ సీసా నెలల తరబడి లైట్ల కింద ఉంటది, వెలుతురికీ గాలికీ నిమ్మ నూనెలు ముందు పాడవుతాయి, కాబట్టి వాసన తేడాగా ఉంటే కొత్త టెస్టర్ తియ్యమని అడుగు. కుదిరితే 5 ఎంఎల్ శాంపిల్ తెచ్చుకుని వారం రోజులు ఆఫీసుకి వాడు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కూడా నీకు నచ్చితే అప్పుడు 50 ఎంఎల్ తీసుకో, 100 వద్దు, ఆఫర్ ఉన్నా వద్దు, సగం వాడేలోపు పైనున్న నిమ్మ పులిసిపోద్ది. బండి డిక్కీలో మాత్రం పెట్టకు, బీరువాలో పెట్టు.

మీ మావయ్య