కుబాలా జీవితం రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

లాస్లో కుబాలా మీద నువ్వు రాసి పంపిన మొదటి అధ్యాయం చదివాను. 1949 జనవరిలో సోవియట్ సైనికుడి దుస్తులు తొడుక్కుని, లారీలో దాక్కుని హంగరీ సరిహద్దు దాటిన ఇరవై ఒక్కేళ్ల ఫుట్‌బాల్ ఆటగాడి ప్రయాణాన్ని ఉత్కంఠగా నడిపించావు. అయితే అక్కడి నుంచి ఒక్క గెంతులో స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్ మైదానానికి చేరుకోవడం నాకు నచ్చలేదు. దేశం దాటడానికి కొద్ది గంటలు సరిపోయాయి గానీ, మళ్లీ అధికారికంగా ఆడేందుకు ఆయనకు రెండేళ్లకు పైగా పట్టింది. నీ పుస్తకానికి ప్రాణం ఆ రెండేళ్లే.

ఆస్ట్రియాలో అమెరికన్ల అధీనంలో ఉన్న ప్రాంతం మీదుగా ఆయన ఇటలీ చేరాడు. అనుమతి లేకుండా వెళ్లిపోయాడని హంగరీ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదు చేయడంతో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఏడాది నిషేధం విధించింది. 1950లో తనలాంటి శరణార్థులతో ‘హంగారియా’ అనే జట్టు కట్టి, భార్య అన్నగారైన ఫెర్డినాండ్ డౌచిక్ శిక్షణలో, ఆ వేసవిలో స్పెయిన్‌లో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడాడు. ఆ ఆట చూసిన, బార్సిలోనా తరఫున ఆటగాళ్లను వెతికే జోసెప్ సమితియేర్ ఆయనను ఆ క్లబ్‌లో చేరేందుకు ఒప్పించాడు. డౌచిక్ కూడా అదే క్లబ్‌కు శిక్షకుడయ్యాడు. ఒప్పందం కుదిరినా 1951 దాకా అధికారిక మ్యాచ్‌లో ఆయన కాలు పెట్టలేదు. ఒంట్లో సత్తువ, కాళ్లలో ఆట ఉండి కూడా ఏ కార్యాలయంలోనో పడాల్సిన ముద్ర కోసం ఎదురుచూసే మనిషి ఇల్లు ఎలా గడుస్తుంది, భార్యాబిడ్డలకు ఏమని చెబుతాడు, తోటి శరణార్థుల్లో ఎవరికి ముందు అవకాశం వస్తే ఎవరి మనసు ఎలా ఉంటుంది అన్న ప్రశ్నలు వేసుకుని, దొరికిన ఆధారం మేరకే రాయి. మన భాషలో క్రీడాకారుల జీవితాలు రాసేవాళ్లం గోల్స్ దగ్గర చూపే ఓపికను కాగితాల దగ్గర చూపించం.

సూపెర్గా విమాన ప్రమాదం దగ్గర కలం అదుపులో పెట్టుకో. లిస్బన్‌లో ఇటలీకి చెందిన టొరినో జట్టు తరఫున ఒక మ్యాచ్ ఆడవలసిన కుబాలా, కొడుకుకు జబ్బు చేయడంతో ఆగిపోయాడు. 1949 మే 4న తిరుగు ప్రయాణంలో ఆ జట్టు విమానం కూలి 31 మంది చనిపోయారు. దీనికి నువ్వు విధిలీల అని పేరు పెట్టావు. ఆ మాట కొట్టెయ్. తేదీ, కారణం, మృతుల సంఖ్య చెప్పి ముందుకు వెళ్లు.

పారిపోయిన కథనాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెప్పారో కూడా చూడు. స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వానికి కమ్యూనిస్టు దేశం వదిలి వచ్చిన ఆటగాడు గొప్ప ప్రచార సాధనం. 1955 నాటికి తన కథతో తీసిన సినిమాలో కుబాలాయే నటించాడు కూడా. ఒకే సంఘటనను ఆయనను దోషిగా చూసిన సమాఖ్యా, వీరుడిగా చూపిన ప్రభుత్వమూ ఎవరి అవసరం కొద్దీ వారు దిద్దుకున్నారు కనుక, ఏ ఒక్కరి మాటా పూర్తిగా నమ్మకు. బార్సిలోనా క్లబ్ కొత్త స్టేడియం కట్టింది కుబాలా కోసమేనన్న మాట కూడా అలాంటిదే. ఆయన ఆటకు జనం పోటెత్తి పాత లెస్ కోర్ట్స్ మైదానం చాలకపోయిన మాట నిజమే కానీ, కొత్త స్టేడియం ఆలోచన అంతకు ముందు నుంచే ఉంది.

ఆట గురించి తక్కువ రాయమనడం లేదు. 1951–52 స్పెయిన్ లీగ్‌లో 19 మ్యాచ్‌లకు 26 గోల్స్, వాటిలో స్పోర్టింగ్ గిహోన్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో ఏడు. వాటి వెంటనే వచ్చిన క్షయవ్యాధిని మాత్రం ఒక్క వాక్యంలో దాటవేశావు. మరో పేజీ ఇవ్వు.

చెకోస్లోవేకియాకు 6, హంగరీకి 3, స్పెయిన్‌కు 19 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన ఈ మనిషి ప్రపంచ కప్ ప్రధాన పోటీల్లో ఒక్కసారీ ఆడలేదు. బుడాపెస్ట్‌లో స్లోవాక్ మూలాలున్న ఇంట పుట్టిన వాడికి మూడు జెర్సీలు ఎలా వచ్చాయో వివరించకుండా ‘మూడు దేశాల ముద్దుబిడ్డ’ అని రాసి ఊరుకున్నావు. రెండో అధ్యాయాన్ని 1946లో ఆయన బ్రటిస్లావా వెళ్లిన దగ్గర మొదలుపెట్టి, 1951లో అధికారిక మ్యాచ్ ఆడిన దగ్గర ఆపి, సంక్రాంతి లోపు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి