వార్డు సచివాలయంలో ఖాళీ కుర్చీలు: పని ఎవరి లాగిన్‌లో ఆగిందో అడగండి

"పదకొండింటికి వెళ్లినా మా వార్డు సచివాలయంలో ఇద్దరే కనిపిస్తారు, మిగతా కుర్చీలన్నీ ఖాళీ. వీళ్లకు జీతాలు దేనికి?" అని అడిగారు కదా. నేనూ తిరుపతిలోనే ఉంటాను. మా అబ్బాయి ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఇన్‌కమ్ సర్టిఫికెట్ పెట్టినప్పుడు నాకూ ఇదే కోపం వచ్చింది. తిరగ్గా తిరగ్గా సంగతి కొంత తెలిసింది.

2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలైనప్పుడు బయట పనికి వలంటీర్లు ఉండేవాళ్లు, ఆఫీసు పనికి సెక్రటరీలు. 2024 ఎన్నికల తర్వాత వలంటీర్లు లేరు, వాళ్ల పని మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ ఏడాది జూలై 1 నుంచి పింఛన్లు ఇంటింటికీ తిరిగి ఇస్తున్నది ఈ సెక్రటరీలే. సర్వేలు, ఈకేవైసీలు కూడా వాళ్ల నెత్తినే. పైగా 2025లో సిబ్బందిని సర్దుబాటు చేసి, జనాభాను బట్టి సచివాలయానికి ఆరుగురు, ఏడుగురు, ఎనిమిది మంది అని లెక్క కట్టారు. మా దగ్గర ఒకరు డీఎస్సీలో టీచర్ ఉద్యోగం తెచ్చుకుని వెళ్లిపోయారు. ఆయన పని పక్క వార్డు మేడమ్‌కు ఇన్‌చార్జి ఇచ్చారు. ఆవిడ ఇక్కడ లేరంటే అక్కడున్నారని అర్థం. అక్కడా లేకపోతే ఫీల్డ్ అంటారు. నిజమే చెబుతున్నారో లేదో మనం చూడబోయామా! పని ఎగ్గొట్టేవాళ్లు లేరని నేను అనను.

ఇక చోటు సంగతి. మా సచివాలయం ఉన్నది అద్దె ఇంట్లో. హాల్లోనే రెండు వార్డుల టేబుళ్లు, పడగ్గదిలో ఫైళ్లూ పాత ప్రింటర్లూ. అందరూ ఒకేసారి వచ్చినా కూర్చునే చోటుండదు. జనం మెట్ల మీద నిలబడాలి. ముసలివాళ్లు వేలిముద్ర పడక మళ్లీ మళ్లీ నొక్కుతుంటే, వెనకున్నవాళ్ల విసుగంతా కంప్యూటర్ ముందున్న అమ్మాయి మీదే. ఆ అమ్మాయి బాత్రూమ్‌కు ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఆ మాటకొస్తే 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా అయినప్పుడు కలెక్టరేట్‌కే సొంత భవనం లేదు, తిరుచానూరులో భక్తుల కోసం కట్టిన పద్మావతి నిలయంలో పెట్టారు. వార్డు ఆఫీసుకు ఎవరు కట్టిస్తారు?

నా సర్టిఫికెట్ విషయానికొస్తే, రసీదు ఇచ్చి "మా దగ్గర అయిపోయింది సార్" అన్నారు. నిజంగానే వాళ్ల దగ్గర అయిపోయింది. అక్కడ ఎక్కించిన అప్లికేషన్ కంప్యూటర్‌లో వార్డు రెవెన్యూ సెక్రటరీ లాగిన్‌కు, అంటే ఆయన విచారణకు వెళ్తుంది, తర్వాత ఆర్‌ఐకి (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కి), చివరికి తహసీల్దార్ డిజిటల్ సంతకానికి. మాది రెవెన్యూ సెక్రటరీ దగ్గరే ఆగింది. ఆయనకు రెండు వార్డులు, పైన సర్వే డ్యూటీ. నేనేమో కౌంటర్ దగ్గర అరుస్తున్నాను. చివరికి అక్కడి అమ్మాయే, "సార్, ఇది ఎవరి లాగిన్‌లో ఉందో చూసి చెబుతాను, వాళ్లను అడగండి" అంది. రెవెన్యూ సెక్రటరీకి ఫోన్ చేసి, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు పట్టుకుని ఆయన ఉన్న చోటికే వెళ్లాను. విచారణ అక్కడే రాసుకున్నారు. తర్వాత కదిలింది.

కాబట్టి "ఎప్పుడవుతుంది?" అని అడగొద్దు, "ఎవరి లాగిన్‌లో ఉంది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు "రెండు రోజులాగి రండి" అనే జవాబే వస్తుంది. రసీదు మీద అప్లికేషన్ నంబర్ ఉంటుంది, పారేయకండి. ఒకటో తారీఖున అసలు వెళ్లొద్దు, అందరూ పింఛన్ల మీద ఉంటారు. ఒకటి ఆదివారం పడితే పింఛన్లు ముందురోజే ఇచ్చేస్తున్నారు, ఆ రోజూ అంతే. మా దగ్గర సాయంత్రం మూడు దాటాక మనుషులు దొరుకుతారు, మీ దగ్గర ఎలాగో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. కొన్ని పనులకు వెళ్లక్కర్లేదు కూడా: ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ నంబర్ 95523 00009కి హాయ్ అని పెడితే సేవల జాబితా వస్తుంది. వేలిముద్ర కావాల్సిన పనికి మాత్రం నడవక తప్పదు.

లాగిన్ తెలిశాక కూడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, లేదా ప్రభుత్వ ఫిర్యాదుల నంబర్ 1100కు ఫోన్ చేయండి. అర్జీలో "సచివాలయం వాళ్లు పని చేయడం లేదు" అని రాస్తే అది తిరిగి ఆ సచివాలయానికే వస్తుంది. ఏ తేదీ నుంచి ఎవరి లాగిన్‌లో ఉందో రాయండి, అప్లికేషన్ నంబర్ వేయండి.