మూత పక్కనే పెట్టుకో

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి విషయం చెప్పాడు. నువ్వు చేసుకోబోయే అమ్మాయి వాళ్ల అమ్మమ్మకి చేతుల నొప్పులతో పిండి వత్తడం కావట్లేదని, ఆవిడ ఏటా క్రిస్మస్‌కి చేసే ఫత్తిమన్, అదే నూనెలో వేయించే తీపి బిస్కెట్లు, ఈసారి నువ్వే చేసి పట్టుకొస్తానని మాటిచ్చావట. వింటుంటే ఎంత గర్వంగా అనిపించిందో నీకు చెప్పలేను. నార్వేలో పండక్కి ఏడు రకాల తీపి బిస్కెట్లు చేసి డబ్బాల్లో సర్దుకోవడం ఎంత పట్టింపో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. అందులో ఒక డబ్బా నీకు వదిలిపెట్టిందంటే ఆ పెద్దావిడ నిన్ను ఇంట్లో మనిషిగా కలిపేసుకున్నట్టే.

ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ట్రోన్‌హైమ్‌లో నీ ఇల్లే కళ్లముందు మెదులుతోంది. బక్లాండెట్‌లో ఆ పాత చెక్క ఇల్లు, మేడ మీద వాటా, ఇద్దరు నిలబడితే నిండిపోయే వంటగది, అందులో నువ్వొక్కడివీ కాగే నూనె ముందు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

ఫత్తిమన్, రోసెట్లు (మన గులాబీ పువ్వుల్లాంటివి), స్ముల్ట్‌రింగ్ (డోనట్ల లాంటివి) మూడూ ఒక్క సాయంత్రమే చేసేద్దామనుకున్నావట. వద్దు. స్ముల్ట్‌రింగ్ ఏ రోజుకా రోజు తినేసేది, దాచిపెడితే గట్టిపడుతుంది. దాని సంగతి వదిలెయ్. ఒక రోజు ఫత్తిమన్, ఇంకో రోజు రోసెట్లు. నడుం నొప్పెట్టే వేళకి మనిషికి ఓపిక తగ్గుతుంది, ఓపిక తగ్గాక కళ్లు నూనె మీద ఉండవు.

నేను వాడే కొలత రాస్తున్నాను. 6 గుడ్ల పచ్చసొన, 6 పెద్ద చెంచాల పంచదార, 6 పెద్ద చెంచాల క్రీమ్, 2 పెద్ద చెంచాల బ్రాందీ, ఒక చిన్న చెంచాడు యాలకుల పొడి, మైదా 300 గ్రాముల దగ్గర. సొనలు, పంచదార తెల్లబడేదాకా గిలక్కొట్టు. క్రీమ్ కాస్త చిక్కబడేలా కొట్టి కలుపు. తర్వాత బ్రాందీ, యాలకులు, చివర్న మైదా. యాలకులు షాపులో దొరికే పొడి కొనకు, మీ అమ్మ పంపినవి ఉంటాయిగా, అవి అప్పటికప్పుడు దంచుకో. బ్రాందీ ఎందుకు అని మానేయకు. వేగేటప్పుడు అది త్వరగా ఆవిరైపోయి పైపొర కరకరలాడుతుంది, నూనె కూడా తక్కువ పీలుస్తుంది. అన్నట్టు విన్‌మోనోపోలే, అదే సర్కారు మద్యం షాపు, శనివారం మధ్యాహ్నానికే మూసేస్తారు, ఆదివారం అసలు తీయరు. శుక్రవారమే తెచ్చి పెట్టుకో.

కలిపిన పిండి మెత్తగా, చేతికి అంటుకుంటూ ఉంటుంది. అది చూసి కంగారుపడి ఇంకో గుప్పెడు మైదా వేసేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. వెయ్యకు. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దుటికి అదే గట్టిపడుతుంది. మైదా ఎక్కువైతే ఆ పెద్దావిడ ఒక్క ముక్క కొరికి ఏమీ అనదు, ఇక్కడివాళ్లు అనరు, కానీ ఆవిడకి తెలిసిపోతుంది. పిండిని నాలుగు భాగాలు చేసి ఒక్కోటే బయటికి తీసి వత్తు. మందం రెండు మూడు మిల్లీమీటర్లు. కజ్జికాయలు కోసే పళ్ల చక్రం నీకు ఇచ్చి పంపించాను కదా, దాంతో జానెడు కంటే చిన్నగా, ఏటవాలు గళ్లు కొయ్యి. ఒక్కోదానికి మధ్యలో గాటు పెట్టి, ఒక కొన ఆ గాటులోంచి దూర్చి మెల్లగా లాగు. గాటు మరీ పొడుగైతే ఆకారం జారిపోతుంది, చిన్నదైతే లాగేటప్పుడు చిరుగుతుంది. నాలుగు చేసేసరికి వేళ్లకే తెలుస్తుంది. వేయించే ముందు ముక్కల మీద పొడి మైదా బ్రష్‌తో దులుపు. లేకపోతే అది నూనె అడుగుకి దిగి మాడిపోతుంది, రెండో వాయికే నూనె నల్లబడిపోతుంది.

దేంట్లో వేయించాలి అన్నది నువ్వు తేల్చుకోవాలి. ఆ పెద్దావిడ స్ముల్ట్‌లోనే చేస్తుంది, అంటే పంది కొవ్వు. ఆ రుచే ఆవిడకి పండగ రుచి. నేను మటుకు గట్టి కొబ్బరి కొవ్వులో చేస్తాను, కరకర ఏమీ తగ్గదు. నీ ఆఫీసులో పంది తినని వాళ్లు ఉంటారు కదా, వాళ్లకీ పెట్టాలనుకుంటే రెండూ కలిపేయకు. రెండు డబ్బాలు పెట్టుకుని పేర్లు రాసుకో.

ఇక అసలు సంగతి. మీ నాన్న కుడి ముంజేతి మీది మచ్చ చూస్తూనే పెరిగావు. సాంబారు ఒలికిందని నీకు చెప్పాడు. కాదురా. అది ఓలెసుండ్‌లో, ఇప్పుడు నేను కూర్చుని రాస్తున్న ఈ వంటగదిలోనే అయింది. నీకప్పటికి ఇంకా బడి ఈడు కూడా రాలేదు. వాడికి చెప్పనా అని నిన్న మీ నాన్ననే అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “చెప్పక్కా, వాడికి తెలియాలి” అన్నాడు.

డిసెంబర్‌లో నన్ను చూడ్డానికి వచ్చాడు. మీ మామయ్య పని మీద ఊళ్లో లేరు. రోసెట్లు చేసి పెడదామని పిండి కలిపి, అచ్చు అడిగి తెద్దామని కింది వాటా పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఈలోగా నాకు సాయం చేద్దామని మీ నాన్న గిన్నెలో నూనె పోసి, పొయ్యి మీద పెట్టి, నాబ్ చివరికంటా తిప్పాడు. రాజమండ్రిలో గ్యాస్ పొయ్యి అలవాటైన మనిషి. అక్కడ మంట కనిపిస్తుంది, చప్పుడు వినిపిస్తుంది. ఇక్కడి పాత ఎలక్ట్రిక్ ప్లేటుకి మంటా లేదు, చప్పుడూ లేదు. వాడు కిటికీ దగ్గర నిలబడి మంచు పడుతుంటే చూస్తున్నాడు. పాపం, మంచు చూడటం వాడికదే మొదలు. వెనక్కి తిరిగేసరికి గిన్నెలోంచి పొగ లేస్తోంది.

వెంటనే నాబ్ ఆపేశాడు. మన ఊళ్లో అయితే అంతటితో సరిపోయేది, గ్యాస్ కట్టేస్తే మంట పోతుంది. ఆ పోత ఇనుప ప్లేటు మాత్రం ఆపాక కూడా చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటుంది. ఆపేశాను కదా అని వాడు చూస్తూ ఉండగానే నూనె భగ్గుమంది. కుళాయి పక్కనే ఉంది. మగ్గుతో నీళ్లు పట్టి పోసేశాడు.

నీళ్లు నూనె కన్నా బరువు. మండే నూనెలో పోస్తే అడుక్కి దిగి ఒక్క క్షణంలో ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు నీళ్లు దాదాపు 1,700 రెట్లు పెరుగుతాయి. ఆ తోపుకి నూనె తుంపరలై పైకి లేస్తుంది, లేచిన ప్రతి తుంపరా అంటుకుంటుంది. నువ్వు ఇంజనీరువి, ఇది నాకంటే బాగా చెప్పగలవు. మీ నాన్నా సైన్సు చదువుకున్నవాడే. ఆ క్షణంలో గుర్తు రావాలి కదా!

అరుపు విని పైకి పరుగెత్తాను. మంట పైకప్పు దాకా లేచి తగ్గింది, కిటికీ తెర అంటుకుని ఉంది, మీ నాన్న చెయ్యి పట్టుకుని గోడకి చేరగిలబడ్డాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నా వెనకే ఆ కింది వాటా పెద్దావిడ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఒక్క మాట మాట్లాడలేదు. తెర కిందికి లాగి బూట్లతో తొక్కేసింది. గిన్నెని కదపలేదు, బల్ల మీదున్న బేకింగ్ ట్రే తీసి ముందువైపు నుంచి గిన్నె మీదికి జరిపి కప్పేసింది. అంతే, మంట చచ్చిపోయింది. తర్వాత మీ నాన్న చెయ్యి కుళాయి కింద పెట్టించి 20 నిమిషాలు తీయనివ్వలేదు. ఈ ఊరివాళ్లకి నిప్పంటే ఏమిటో తాతల నుంచీ తెలుసు. 1904 జనవరిలో ఒక్క రాత్రి ఓలెసుండ్‌లో చెక్క ఇళ్లు చాలావరకు తగలబడి పది వేల మంది చలిలో రోడ్డున పడ్డారు. ఇప్పుడు టూరిస్టులు ఫోటోలు తీసుకునే ఈ ఇటుక మేడలన్నీ ఆ తర్వాత కట్టినవే.

ఆ రాత్రంతా మీ నాన్న “అక్కా, నీ ఇల్లు తగలబెట్టేసేవాణ్ణే” అని అదే మాట. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి, చేతికి కట్టు ఉంది కదా, అన్నం కలిపి నేనే ముద్దలు పెట్టాను. ఇండియా వెళ్లాక ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు, అమ్మ భయపడుతుందని. నేనూ చెప్పలేదు, ఇదిగో ఇప్పటిదాకా.

అందుకని నాన్నా, నా మాట విను. అడుగు మందంగా ఉన్న లోతైన గిన్నె తీసుకో, సగానికి మించి నూనె పోయకు. దానికి సరిపోయే మూత పొయ్యి పక్కనే, చెయ్యి చాపితే అందేలా పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించు. థర్మామీటర్ కొను. 180 డిగ్రీలు, అంతే. తక్కువైతే నూనె పీల్చేస్తాయి, ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. పొగ కనిపించిందంటే ఇక ఆలోచించకు, పొయ్యి ఆపు, మూత పెట్టు, చల్లారేదాకా ఆ మూత తీసి చూడకు. వేడిగా ఉండగా గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది. సింకు కింద నీళ్ల గొట్టం చుట్టి ఉంటుంది చూడు, నిప్పు అనగానే అదే గుర్తొస్తుంది. నూనె మంటకి దాన్ని ముట్టుకోకు. చెయ్యి దాటిందనిపిస్తే తలుపు మూసేసి, కింది వాటా వాళ్లని కేకేసి, బయటికి వచ్చి 110 కి ఫోన్ చెయ్యి. గిన్నె పోతే పోయింది.

వేపుడు వాసనకి మోగుతుందని కుర్రాళ్లు స్మోక్ అలారం బ్యాటరీ పీకేస్తారట. నువ్వా పని చేశావని తెలిస్తే ట్రోన్‌హైమ్ వచ్చి మరీ చెవి మెలిపెడతాను. కొత్త ఇళ్లలో స్టవ్ మరీ వేడెక్కితే కరెంటు దానంతటదే ఆపేసే గార్డు ఉంటుంది, నీది పాత ఇల్లు, ఉందో లేదో చూసుకో. పొయ్యి మీద నూనె ఉన్నంతసేపు ఫోన్ వేరే గదిలో పెట్టు. నేను చేసినా ఎత్తకు. అన్నిటికంటే ముఖ్యం, ఒక్కడివే చెయ్యకు. ఆ అమ్మాయిని పిలు, లేదా ఫ్రెండ్‌ని పిలు. ఒకరు వత్తి గాట్లు పెడుతుంటే ఒకరు పొయ్యి దగ్గర ఉండాలి.

ఒక వాయికి నాలుగైదు చాలు. లేత బంగారు రంగు రాగానే తీసేయ్, బయటికొచ్చాక ఇంకాస్త ముదురుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టు, వేడి మీద మూతపెడితే మెత్తబడిపోతాయి. పొడి పంచదార వడ్డించేటప్పుడు చల్లుకో.

రోసెట్ల గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. మీ నానమ్మ సంక్రాంతికి చేసే గులాబీ పువ్వులు గుర్తున్నాయా? ఆవిడ బియ్యప్పిండిలో మైదా, పంచదార కలిపి జారుగా చేసేది, ఇక్కడ మైదా, గుడ్లు, పాలు. పని మాత్రం అదే. ఆవిడ అచ్చుని కాగే నూనెలో ఉంచి, తీసి, పిండిలో అంచు దాకానే ముంచేది. పైకి పొర్లిందా, పువ్వు అచ్చుని పట్టుకుని ఊడదు. నువ్వు పక్కన పీట మీద కూర్చుని “నానమ్మా, ఇది ఊడింది, ఇది ఊడలేదు” అని లెక్క చెప్పేవాడివని మీ నాన్న నిన్న కూడా అన్నాడు. గుడ్లు నురగొచ్చేలా కొట్టకు, పువ్వుకి బుడగలొస్తాయి. పిండి ఓ గంట ఊరనివ్వు. కొత్త అచ్చయితే మొదటి కొన్ని పాడవుతాయి, బాధపడకు. అచ్చు కడిగితే మాత్రం ఒక్క చుక్క తడి లేకుండా తుడిచాకే నూనెలో పెట్టు.

శనివారం మొదలుపెట్టే ముందు ఒక మెసేజ్ పెట్టు, అయిపోయాక ఇంకోటి. ఈ రెండిటి మధ్య నేను ఫోన్ పట్టుకునే కూర్చుంటాను. మీ నాన్నా కూర్చుంటాడు, నీతో అనడు గానీ.

ప్రేమతో,
మీ అత్త

తా.క. 6 గుడ్ల తెల్లసొన మిగులుతుంది, పారబొయ్యకు. డబ్బాలో పోసి తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టు. బాదం పొడితో చేసే క్రాన్సెకాకెకి అది పనికొస్తుంది, ఓవెన్‌లో చేసేదే, నూనె పని లేదు. డిసెంబర్ 31కి అది చేద్దువుగాని, వివరంగా మళ్లీ రాస్తాను.