నోటు వెనక చెల్లు మీరే రాసుకుంటే గడువు పెరగదు

ప్రశ్న: 2022 జనవరి 18న మా తోడల్లుడికి ప్రోనోటు మీద నాలుగు లక్షలిచ్చాను. 2024 మేలో పెద్దమనుషుల ముందు, పత్తి డబ్బు రాగానే కడతానని కాగితం రాశాడు. డిసెంబరులో ఇరవై వేలు చేతికిస్తే నోటు వెనక నేనే రాసుకున్నాను. ఇప్పుడు నోటుకు కాలదోషం పట్టిందంటున్నాడు. గృహప్రవేశానికి కూడా పిలవలేదు, మా ఆవిడ ఒకటే ఏడుపు. నోటు వెనక అతని సంతకం మీరే పెట్టేసుకోండి అని తెలిసినాయన అంటున్నాడు.

జవాబు: పిలుపుల సంగతి మీరూ మీరూ చూసుకోండి. కేసును నిలబెట్టే ముక్క ఒక్కటే, 2024 మే కాగితం.

ప్రోనోటు మీద మూడేళ్లలో దావా వేయాలి, ఆ లెక్కన మీ నోటు అసలు గడువు 2025 మొదట్లోనే అయిపోయింది. ఇరవై వేల చెల్లు, అంటే కొంత కట్టినట్టు నోటు వెనక రాసిన రాత, ఆ గడువును పెంచాలంటే అది అతని చేతిరాతలోనో, అతని సంతకంతోనో ఉండాలి. మీరు రాసుకున్నది అతని బాకీ తగ్గడానికి పనికొస్తుంది తప్ప మీ గడువు పెరగడానికి కాదు. డబ్బు చేతిలో పెడుతున్న మనిషిని ఒక్క సంతకం అడగడానికి అంత మొహమాటమేంటండీ?

గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే, దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు, అంటే 2027 మే దాకా. మొత్తం ఎంతో రాయకపోయినా, పత్తి డబ్బు వచ్చాకే ఇస్తానన్నా ఫర్వాలేదు, ఈ బాకీ గురించే రాశాడని తెలియాలి, కింద సంతకం ఉండాలి. ఇంతకీ ఆ కాగితం మీ దగ్గరుందా, ఏ పెద్దమనిషి బీరువాలోనైనా ఉందా? అది రాయలేదు మీరు! ఈరోజే వెళ్లి అసలు కాగితం తెచ్చుకోండి. తేదీ లేకపోతే ఎప్పుడు సంతకం పెట్టాడో సాక్షులు చెప్పొచ్చు, అందులో ఏముందో నోటిమాటగా చెబితే మాత్రం కోర్టు మామూలుగా వినదు. లాయర్ నోటీసు పంపి కూర్చున్నా గడువు ఆగదు, దావా వేయాల్సిందే.

సంతకం పెట్టేసుకోమన్నాయన మీతో పాటు జైలుకు రాడు. ప్రోనోటు మీద ఫోర్జరీ అంటే యావజ్జీవం దాకా శిక్ష పడగల నేరం. పైగా సంతకం నిపుణుడి దగ్గర దొరికిపోతే మీ అసలు నోటును కూడా ఎవరూ నమ్మరు.

కాగితం దొరక్కపోతే మీ మరదలితో చెప్పించైనా కొత్త ప్రోనోటు రాయించుకోండి. కాలదోషం పట్టిన, అంటే దావా గడువు దాటిపోయిన బాకీని కడతానని రాసి సంతకం చేసినా కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షన్ కింద చెల్లుతుంది. రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం తీసుకోండి, అది చేతికొచ్చేదాకా పాత నోటు వదలకండి.