పెన్ డ్రైవ్‌లో పాత పాటలు దొంగసొత్తేనా?

సెల్ ఫోన్ల దుకాణంలో వంద రూపాయలిచ్చి పెన్ డ్రైవ్ నిండా పాత పాటలు ఎక్కించుకున్నానని, ఇది దొంగతనమేనా అని అడిగారు. భారతీయ న్యాయ సంహిత చెప్పే దొంగతనమైతే కాదండీ. దానికి ఒకరి వస్తువును ఎత్తుకుపోవాలి. ఇక్కడ పాట యజమాని దగ్గరే ఉంది.

అయినా 1957 నాటి కాపీరైట్ చట్టం ఊరుకోదు. తెలిసి ఉల్లంఘించి సొమ్ము చేసుకునే దుకాణదారుకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా కూడా. మీ వంద ఆయన జేబులోకే వెళ్లింది, పాట రాసినవారికి పైసా అందలేదు. నాకు గిట్టనిది అదే.

పాతవి కదా అంటారేమో. రికార్డింగుపై హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే. సాహిత్యం, బాణీలపై మాత్రం కర్తలు పోయాక మరో 60 ఏళ్లు. ఆ పెన్ డ్రైవ్ పక్కన పెట్టి, ఆడియో సంస్థలు యూట్యూబ్‌లో తామే పెట్టినవి వినండి. ఖర్చూ లేదు.